“దీనివల్ల ఒక్క శాంపిలైనా పెరుగుద్దా?”

పాఠకుల ప్రశ్నలు: డబ్బు, ఆఫీసు, లెక్కలు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. గుంటూరు జిల్లాలో 11 కలెక్షన్ సెంటర్లున్న డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్, కరెంటు పోతే జనరేటర్, అన్నీ నా నెత్తినే. మనుషుల వ్యక్తిగత వివరాలను కాపాడాలనే కొత్త డేటా చట్టం గురించి మా ఎండీ గారికి నేనే చెప్పాను. “ఎంతవుద్దో కనుక్కో” అన్నారు. హైదరాబాద్ నుంచి కన్సల్టెన్సీ వాళ్లను పిలిపిస్తే మొదటి ఏడాదికి 38 లక్షలు, ఆ తర్వాత ఏటా 14 లక్షలు అని కొటేషన్ ఇచ్చారు. మా టర్నోవర్ 24 కోట్లు. కొటేషన్ చూసి ఎండీ గారు, “ఈ డబ్బుతో కొత్త మిషన్ కొంటే రోజుకు ఎన్ని శాంపిల్స్ పెరుగుతాయో నువ్వే చెప్తావు. దీనివల్ల ఒక్క శాంపిలైనా పెరుగుద్దా?” అన్నారు. 250 కోట్ల దాకా జరిమానా ఉందని చెప్పాను. నవ్వారు. మార్కెటింగ్ ఆయన కూడా ఎదురు తిరిగాడు. మా దగ్గర 9 లక్షల ఫోన్ నంబర్లున్నాయి, ఏడాదికి ఆరుసార్లు ఆఫర్ల ఎస్సెమ్మెస్‌లు పంపుతాం. అది ఆగిపోతుందని ఆయన టెన్షన్. వచ్చే నెల మళ్లీ మీటింగ్ ఉంది. ఏం చెప్పమంటారు?

తా.క. కిందటేడు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తమ 1,400 మంది ఉద్యోగుల వార్షిక హెల్త్ చెకప్ కోసం మమ్మల్ని అడిగింది. ముందు పేషెంట్ల వివరాలు ఎలా భద్రపరుస్తారో చెప్పమంటూ 60 ప్రశ్నల ఫారం పంపింది. నింపలేక వదిలేశాం. అలాంటివి ఎలా నింపాలో కూడా వీలైతే రాయండి.

— పేరు వద్దు, గుంటూరు

జవాబు: మీ ఎండీ గారు అడిగిన దానికి మీ తాజా కలంలోనే జవాబుంది. ఉత్తరమంతా జరిమానా గురించి రాసి, చేజారిన బేరాన్ని చివర మూడు లైన్లలో పెట్టారు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆయన ఎందుకు నవ్వారో చెప్పనివ్వండి, ఎందుకంటే అలాంటి దెబ్బ నేనూ తిన్నాను.

2011లో ఐటీ చట్టం కింద సున్నితమైన వ్యక్తిగత సమాచారం మీద నియమాలు వచ్చాయి. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఇంటర్నల్ ఆడిట్ చూసేదాన్ని. ఎర్ర అక్షరాలతో స్లైడు తయారుచేసి, కోట్లలో నష్టపరిహారం కట్టాల్సి వస్తుందని బోర్డును భయపెట్టబోయాను. ఛైర్మన్ గారు కళ్లజోడు తీసి, “ఇప్పటిదాకా ఎవరికైనా పడిందామ్మా?” అన్నారు. నా దగ్గర పేరు లేదు. ఫైలు మూసేశారు.

ఏడాది తిరిగాక అదే పని ఇంకో దారిలో చేయించాను. మా కంపెనీకి జీడిమెట్లలో ఒక రికార్డుల గోడౌన్ ఉండేది. అద్దె నెలకు 42,000. ఒకరోజు తాళం తీయించి అట్టపెట్టెలు విప్పించాను. 1998 నుంచి వచ్చిన ఉద్యోగ దరఖాస్తులున్నాయి. మేం ఉద్యోగమివ్వని వాళ్లవే ఎక్కువ. ప్రతి దానికీ జిగురుతో అతికించిన పాస్‌పోర్ట్ ఫొటో, తండ్రి పేరు, కులం కాలమ్, ఇంటి అడ్రసు. కొన్ని ఫొటోలకు మొహం దగ్గర ఎలుకలు కొరికేశాయి. ఆ పెట్టె ఒకటి తీసుకెళ్లి ఫైనాన్స్ డైరెక్టర్ గారి బల్ల మీద పెట్టి, “వీళ్ల ఫొటోలు దాచడానికి ఏటా 5 లక్షలు కడుతున్నాం సార్” అన్నాను. వారంలో కాగితాలు ముక్కలు చేయించడానికి అనుమతి వచ్చింది. ఆయన ప్రైవసీ మీద మనసు మార్చుకున్నారని అనుకోను. ఆడని సరుకుకు అద్దె కడుతున్నామంటే ఏ వ్యాపారికైనా కడుపులో తిప్పుతుంది, అంతే.

మీ 9 లక్షల నంబర్లు అలాంటి సరుకే. లెక్క వేద్దాం. ఎస్సెమ్మెస్‌కు 15 పైసలనుకుందాం (మీ అసలు బిల్లు తీసి సరిచేసుకోండి). ఒక్కసారి పంపితే 1.35 లక్షలు. ఏడాదికి ఆరుసార్లు, 8.10 లక్షలు. ఇందులో ఒకే మనిషివి రెండు మూడుసార్లు ఎక్కినవి ఎన్ని, సిమ్ మార్చేసిన వాళ్లవి ఎన్ని, చనిపోయిన వాళ్లవి ఎన్ని? పోయిన నాన్న నంబరుకు “మీ షుగర్ చూపించుకోండి, 30 శాతం తగ్గింపు” అని మెసేజ్ వస్తే ఆ ఫోను ఇప్పుడు వాడుతున్న కూతురికి ఎలా ఉంటుందో మార్కెటింగ్ ఆయన్ను ఆలోచించమనండి. ఇంకొకటి కూడా అడగండి: కిందటిసారి పంపిన 9 లక్షల మెసేజ్‌లకు ఎంతమంది ఆ మెసేజ్ చూపించి టెస్టు చేయించుకున్నారు? ఆ అంకె ఆయన దగ్గర ఉంటే ఆయన మాట వినాల్సిందే. ఉండదని నా అనుమానం.

చట్టం సంగతి టూకీగా. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. మీలాంటి సంస్థల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు వాటిలో 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. రిపోర్టు పంపడానికని తీసుకున్న నంబరుకు ఆఫర్లు పంపాలంటే దానికి వేరే సమ్మతి కావాలి. పాత వాళ్లనూ వదల్లేదు. చట్టం అమల్లోకి రాకముందు సమ్మతితో తీసుకున్న వివరాలకు కూడా వీలైనంత త్వరగా నోటీసు ఇవ్వాలి. ఎన్ని నంబర్లు దాచుకుంటే అంతమందికి నోటీసు, అంతమంది నుంచి “నా వివరాలు తీసేయండి” అనే అర్జీలు. వాటి మీద ఫిర్యాదులొస్తే 90 రోజుల్లోపు సమాధానం చెప్పే ఏర్పాటుండాలి. ఆ నోటీసు ఇంగ్లిషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగానీ చదువుకునే వీలు మనిషికి ఉండాలి. మీకైతే తెలుగు తప్పదు.

అలాగని రేపు పొద్దున్నే అన్నీ చెరిపేయకండి. గర్భిణుల స్కానింగ్ రికార్డులు లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రెండేళ్లు ఉంచాలి. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. కొత్త నియమాల్లోనే డేటానూ, దాని లాగ్‌లనూ (ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే చిట్టాలు) కనీసం ఏడాది అట్టిపెట్టాలని ఉంది. మీ ఆడిటర్‌తో కూర్చుని ఏది ఎన్నాళ్లో ఒక పట్టిక రాసుకుని, అప్పుడు చీపురు పట్టండి.

ఇక కొటేషన్. మీరు జతచేసిన పేజీ రెండుసార్లు చదివాను. కన్సెంట్ సాఫ్ట్‌వేర్ 11 లక్షలు, డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్ సేవ 9, ఇంపాక్ట్ అసెస్‌మెంట్ (డేటా వాడకం వల్ల మనుషులకు వచ్చే ముప్పుల మదింపు), వార్షిక ఆడిట్ కలిపి 6, ప్రస్తుత పరిస్థితి మదింపు 5, సర్టిఫికెట్ 4, ట్రైనింగ్ 3.

డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్, ఇంపాక్ట్ అసెస్‌మెంట్, స్వతంత్ర ఆడిట్, ఈ మూడూ కేంద్ర ప్రభుత్వం ‘ముఖ్యమైన’ సంస్థలుగా ప్రత్యేకంగా ప్రకటించిన వాటికే తప్పనిసరి. 11 సెంటర్ల ల్యాబ్‌ను అలా ప్రకటిస్తారని నేననుకోను. మీకు కావలసింది పేషెంట్ అడిగితే జవాబు చెప్పే ఒక మనిషి, ఆ మనిషి ఫోనూ మెయిలూ అందరికీ కనపడేలా పెట్టడం. అది మీరే అవుతారు. జీతం పెంచమని అడగండి. ఇక సర్టిఫికెట్. “ఈ సంస్థ చట్టాన్ని పాటిస్తోంది” అని ఇచ్చే సర్టిఫికెట్ ఈ చట్టంలో లేదు. గోడకు ఫ్రేము కట్టించుకోవడానికి 4 లక్షలెందుకు? ఈ మూడు పద్దులూ కొట్టేస్తే 19 లక్షలు పోయాయి.

నాకు ఒళ్లు మండింది మాత్రం అక్కడ లేని పద్దు చూసి. చట్టంలో ఆ 250 కోట్ల గరిష్ఠ జరిమానా దేనికో తెలుసా? సమాచారాన్ని కాపాడటానికి తగిన భద్రత పెట్టనందుకు. కొటేషన్‌లో కాగితాలకు 38 లక్షలున్నాయి, తాళాలకు పైసా లేదు. ల్యాప్‌టాప్‌ల ఎన్‌క్రిప్షన్ (పోయినా బయటివాళ్లు చదవలేని ఏర్పాటు) లేదు, బ్యాకప్ లేదు, ఎవరు ఏ రిపోర్టు ఎప్పుడు తెరిచారో చూపే లాగ్ లేదు. నియమాల్లో పేరుపెట్టి అడిగినవి ఇవే. మీ 11 సెంటర్లలోనూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఒకటే పాస్‌వర్డ్ ఉంటుందనీ, అది మానిటర్ అంచున చీటీ మీద రాసి ఉంటుందనీ పందెం కాస్తాను. మానేసి వెళ్లిన వాళ్ల లాగిన్లు ఇంకా నడుస్తుంటాయి. ఉద్యోగికొక లాగిన్ చొప్పున లైసెన్సు కడుతుంటే అదీ దండగే.

నా లెక్కలో మీకు అయ్యేది ఇది. తాళాలకు 6 లక్షలు. నోటీసు, సమ్మతి, చెరిపే వీలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టించడానికి రెండున్నర. ఎస్సెమ్మెస్ వాళ్లతో, క్లౌడ్ వాళ్లతో ఒప్పందాలు తిరగరాయించడానికి లాయరుకు లక్ష. ఇది పిసినారితనంతో మానేయకండి, వాళ్ల దగ్గర పోయినా బాధ్యత మీదే. పాత డేటా ఏరి శుభ్రం చేయడానికి మనుషులకు 2 లక్షలు. ట్రైనింగ్‌కు అర లక్ష, తెలుగులో, ఒక్కో సెంటర్‌కు వెళ్లి ఒక్కో గంట. మొత్తం 12 లక్షలు, ఆ తర్వాత ఏటా 4. మీ ఊరి ధరలను బట్టి అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడు తాజా కలం. 1,400 మంది, మనిషికి 1,100 అనుకుంటే 15.40 లక్షల బిల్లు. మీ ఎండీ గారికి ఆ అంకె చెప్పకండి, ఆయన వ్యాపారి, వెంటనే “అందులో మిగిలేదెంత?” అంటారు. ఖర్చులు పోను 30 శాతం మిగులుతుందనుకుంటే 4.62 లక్షలు. ఆఫర్లకు సరేననేవాళ్లు 2 లక్షల మంది అనుకుని వాళ్లకే ఎస్సెమ్మెస్‌లు పంపితే ఏడాదికి 1.80 లక్షలు సరిపోతాయి, అంటే 6.30 లక్షలు మిగులు. రెండూ కలిపి 10.92, అందులోంచి ఏటా అయ్యే 4 తీసేస్తే 6.92. పెట్టిన 12 లక్షలు రెండేళ్లలోపు వెనక్కి వస్తాయి.

ఆ కంపెనీ బేరం మళ్లీ రాకపోతే? అప్పుడు ఏటా మిగిలేది 2.30 లక్షలే, డబ్బు వెనక్కి రావడానికి అయిదేళ్లు దాటుతుంది. ఈ లెక్క కూడా అదే పేజీలో చూపించండి. మంచి లెక్క ఒక్కటే చూపించి రెండోది దాచే వాడిని ఆడిట్‌లో నేనెప్పుడూ నమ్మలేదు, మీ ఎండీ గారూ నమ్మరు. పైగా అలాంటి ఫారాలు ఒక్క కంపెనీతో ఆగవు. ఇన్సూరెన్స్ వాళ్లు, పెద్ద ఆస్పత్రులు, విదేశీ క్లయింట్లున్న సాఫ్ట్‌వేర్ సంస్థలు తమ బాధ్యత తప్పించుకోవడానికి తమతో పనిచేసే వాళ్లందరినీ అడుగుతాయి. ఆ 60 ప్రశ్నలనే మీ పనుల జాబితాగా పెట్టుకోండి. చాలావరకు తాళాల ప్రశ్నలే ఉంటాయి: ఎవరు చూడగలరు, ఎక్కడ దాస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, పోతే ఎన్ని గంటల్లో చెప్తారు. చేయని పనికి ‘అవును’ అని టిక్కు పెట్టకండి, ‘ఫలానా నెలకల్లా చేస్తాం’ అని రాయండి. అలా రాసినా పని దక్కించుకున్న వాళ్లను చూశాను.

జరిమానాకు పేజీ చివర ఒక్క లైను చాలు. 250 కోట్లు అనేది పైకప్పు. ఎంత వేయాలో తేల్చేటప్పుడు తప్పు తీవ్రత, ఎన్నాళ్లు జరిగింది, ఎలాంటి సమాచారం, నష్టం తగ్గించడానికి మీరేం చేశారు, ఇవన్నీ జరిమానాలు తేల్చే డేటా ప్రొటెక్షన్ బోర్డు చూడాలని చట్టమే చెప్తోంది. మీ ల్యాబ్‌కు 250 కోట్లు పడవు. కానీ మీ దగ్గరున్నది చెప్పుల సైజుల జాబితా కాదు, రక్త పరీక్షల ఫలితాలు. హెచ్‌ఐవీ రిపోర్టులను గోప్యంగా ఉంచాలన్నది 2017 చట్టంతోనే మీ మీద ఉంది, అది 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. సైబర్ దాడి జరిగితే 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు (సైబర్ దాడులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చెప్పాలన్నది 2022 నుంచీ ఉంది. కొత్త చట్టం దానికి తోడు, ఆ డేటా బోర్డుకూ పేషెంట్లకూ ఆలస్యం చేయకుండా చెప్పమంటోంది, బోర్డుకు పూర్తి వివరాలు 72 గంటల్లో ఇవ్వమంటోంది. బ్యాకప్ లేక రెండు రోజులు ల్యాబ్ మూతపడితే ఎంత పోతుందో మీ రోజువారీ కలెక్షన్ చూసి మీరే వేయండి. ఆ అంకెకు ఎండీ గారు నవ్వరు.

ఐబీఎం వాళ్ల 2024 నివేదికలో, మన దేశంలో ఒక్కో డేటా లీకు ఖర్చు సగటున 19.5 కోట్లని ఉంది. కన్సల్టెన్సీ స్లైడ్లలో అది తప్పక కనపడుతుంది. మీ టర్నోవరే 24 కోట్లు, ఆ అంకె మీది కాదు, పెట్టకండి. పేషెంట్ల నమ్మకానికి రూపాయల్లో విలువ కట్టమన్నా కట్టకండి. నేను 27 ఏళ్ల సర్వీసులో ఒక్కసారీ కట్టలేకపోయాను.

ఒక పని మాత్రం మీటింగ్‌కు ముందే చేయండి. ఏదైనా ఒక సెంటర్ కౌంటర్ దగ్గర అరగంట నిలబడండి. మా కాలనీ దగ్గర ఒక కలెక్షన్ సెంటర్ ఉంది. మొన్న థైరాయిడ్‌కు రక్తమిచ్చి వస్తూ రిపోర్టుల రిజిస్టర్‌లో సంతకం పెట్టాను. దారంతో కట్టిన పెన్ను, గళ్ల పుస్తకం: పేరు, ఫోన్ నంబరు, టెస్టు, సంతకం. నా పైన నాలుగో లైనులో మా వీధి చివరింటి అమ్మాయి పేరు, ఎదురుగా ‘యూపీటీ’, అంటే గర్భం ఉందో లేదో చూసే పరీక్ష. చూడకూడదనుకునేలోపే చదివేశాను. ఆ సాయంత్రం వాళ్లమ్మ కూరగాయల బండి దగ్గర ఎదురుపడి పలకరిస్తే, నేను ఆమె మొహంలోకి చూడలేక వంకాయలు ఏరుతూ నిలబడ్డాను.

ఆ పుస్తకాన్ని పీకేసి టోకెన్ నంబరు మీద రిపోర్టు ఇవ్వడానికి అయ్యే ఖర్చు సున్నా. ఏ కొటేషన్‌లోనూ ఆ పద్దు లేదు, ఎందుకంటే దాని మీద ఎవరికీ కమిషన్ రాదు. మీ సెంటర్లలోనూ అలాంటి పుస్తకాలుంటే మీటింగ్‌కు ఒకటి పట్టుకెళ్లండి. ఎండీల ఇళ్లవాళ్లు కూడా టెస్టులు చేయించుకుంటారు. ఎండీ గారి ఇంటి పేరున్న పేజీ దొరికితే, అది తెరిచి ఆయన ముందు పెట్టి, ఆ తర్వాత 12 లక్షల మాట ఎత్తండి.

ప్రశ్న: కాకినాడలో ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్తాను, 210 మంది. మార్కులు కంప్యూటర్‌లో షీటులో, కబుర్లు వాట్సాప్ గ్రూపులో. నాక్కూడా ఈ చట్టం ఖర్చు పడుతుందా?

— ఒక లెక్కల మాస్టారు

జవాబు: డబ్బు ఖర్చు దాదాపు లేదు మాస్టారూ, కాస్త పని పడుతుంది. ఈ చట్టంలో 18 ఏళ్లు నిండని వాళ్లంతా పిల్లలే, మీ ఇంటర్ వాళ్లు చాలామంది అందులోకే వస్తారు. 2027 మే నాటికి తల్లి లేదా తండ్రి సమ్మతి తీసుకునే పద్ధతి పెట్టుకోండి. ఇచ్చింది నిజంగా వాళ్లేనని తేల్చుకునే ఆధారం కూడా ఉండాలి. చేర్చుకునే రోజు పెద్దవాళ్లు ఎటూ వస్తారు, అప్పుడే తీసుకోండి. వారం వారం మార్కులు గ్రూపులో పెట్టకుండా ఎవరివి వాళ్లింటికి పంపండి. 210 మెసేజ్‌లు ఎవరు పంపుతారంటారా? షీటులోంచి విడివిడిగా పంపడం మీ విద్యార్థుల్లో ఒకడికి పది నిమిషాల పని, కానీ వాడికి అప్పగించకండి, మీరే నేర్చుకోండి.

ఫలితాల రోజు ట్యూషన్ ముందు కట్టే ఫ్లెక్సీ మీద ఫొటో, పేరు, మార్కులతోపాటు హాల్‌టికెట్ నంబరు కూడా వేయిస్తుంటారు చాలామంది. ఫొటోకూ పేరుకూ ఇంట్లో వాళ్లను అడిగి ఒప్పుకుంటే వేయండి. నంబరు మాత్రం వద్దు. ఆ లైను తీసేస్తే మీ పేరు ఇంకాస్త పెద్ద అక్షరాల్లో పడుతుంది.